దిగులు మనసుకు రోజూ మూడు పద్దులు

ఒంట్లో ఫలానా జబ్బు అని చెప్పడానికి ఏమీ ఉండదు. రక్తపరీక్షలు బాగానే ఉంటాయి. రక్తపోటు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. అయినా తిన్నది ఒంటబట్టదు, నిద్ర పట్టదు, ఇంట్లో ఎవరు పలకరించినా చిరాకు. ఉదయం కళ్లు తెరవగానే “మళ్లీ తెల్లవారిందా” అనిపిస్తుంది. ఇటువంటివారు నా వద్దకు కడుపుమంటకు మందు కోసమో, తలనొప్పికి తైలం కోసమో వస్తారు. నాలుగు మాటలు మాట్లాడిన తరువాతగాని అసలు బాధ బయటపడదు. వారిలో మందగించినది జఠరాగ్ని ఒక్కటే కాదు, మనసు కూడా.

సికిందరాబాదులోని రాంగోపాల్‌పేట్‌లో చిన్న వైద్యశాల నడుపుతున్న నేను ఇటువంటివారికి మందుతోపాటు ఒక అలవాటును కూడా చాలాకాలంగా చెబుతున్నాను. ఆ రోజు తమకు జరిగిన మేలును, ఆ మేలు చేసినవారి పేరుతో సహా, ప్రతి రాత్రీ మూడు పద్దులుగా వ్రాసుకోవడమే ఆ అలవాటు. వినడానికి ఇది చిన్నపిల్లల నీతిపాఠంలా ఉంటుంది. “ఇంత దూరం వచ్చింది ఇందుకా?” అన్నట్టు కొందరు నా ముఖం వంక చూస్తారు. అందుకే ఈ అలవాటు ఎందుకు పనిచేస్తుంది, ఎంతవరకు పనిచేస్తుంది, ఎవరికి చెప్పకూడదు అనే సంగతులను కొంచెం విపులంగా వ్రాస్తున్నాను. వీటిలో చివరిది మన పత్రికలలో సాధారణంగా కనిపించదు. పాఠకులు దానిని తప్పక చదవాలని మనవి.

మనసు ఖర్చే వ్రాస్తుంది

మా పేటకు ఒకవైపు రాణీగంజ్, మరొకవైపు జనరల్ బజారు. చిట్టా ఆవర్జాల సంగతి ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఒక దుకాణంలోని గుమాస్తా రోజూ ఖర్చులు మాత్రమే వ్రాసి, జమలు వ్రాయడం మానివేశాడనుకుందాం. గల్లాపెట్టెలో రొక్కం నిండుగా ఉన్నా, నెల తిరిగేసరికి పుస్తకం చూసిన యజమాని దుకాణం మునిగిపోయిందని గుండెలు బాదుకుంటాడు. పుస్తకంలో వ్రాసినదానిలో అబద్ధం లేదు. ప్రతి ఖర్చూ నిజమే. కాని సగం లెక్క అందులో లేదు.

మన మనసు సహజంగా ఇటువంటి గుమాస్తాయే. పగలు పదిమంది ఆదరంగా మాట్లాడి, ఒకరు మాత్రం కటువుగా మాట్లాడితే, రాత్రి పక్క మీదికి వచ్చేది ఆ ఒక్కరి మాటే. 2001లో రాయ్ బౌమైస్టర్, ఆయన సహచరులైన మనస్తత్వ శాస్త్రజ్ఞులు అప్పటివరకు వచ్చిన పరిశోధనలను సమీక్షించి, చెడు అనుభవం మంచి అనుభవం కంటె బలంగా మనసును పట్టుకుంటుందని నిర్ధారించారు. ఇది ఒకరి స్వభావదోషం కాదు. పుట్టలో పామును మరచినవాడికి ప్రాణం పోతుంది, చెట్టున పండును మరచినవాడికి ఒక పూట తిండి మాత్రమే పోతుంది. అందువలన ఆపదను ముందు పట్టుకోవడం మనసుకు అలవాటయింది. ఆ అలవాటు మనలను కాపాడుతుంది కూడా. అయితే పాము లేని పడకగదిలోనూ అదే పని చేస్తూ ఉంటే నిద్ర ఎక్కడి నుంచి వస్తుంది?

ఆయుర్వేదం ఏమంటున్నది

శరీరానికి వాత, పిత్త, కఫాలు దోషాలైనట్లే మనసుకు రజస్సు, తమస్సు దోషాలని ఆయుర్వేదం చెబుతున్నది. రజస్సు పెరిగితే కోపం, పోలిక, పరుగు. తమస్సు పెరిగితే జడత్వం, దిగులు. చరక సంహిత సూత్రస్థానం 25వ అధ్యాయంలో ఒక్కొక్క విషయంలో ముఖ్యమైనది ఏదో చెప్పే ఒక పెద్ద పట్టిక ఉన్నది. రోగాన్ని పెంచేవాటిలో అన్నిటికంటె ముందు నిలిచేది విషాదమనీ, మనిషికి తృప్తినిచ్చేవాటిలో ముందు నిలిచేది హర్షమనీ అందులో చరకుడు పేర్కొన్నాడు. పథ్యాలు, ఔషధాలు లెక్కించే పట్టికలోనే మనఃస్థితిని కూడా చేర్చడం గమనించదగినది.

అదే సూత్రస్థానం 11వ అధ్యాయంలో చికిత్స మూడు విధాలని ఉన్నది. మంత్రం, మొక్కు, ఉపవాసం వంటివి దైవవ్యపాశ్రయం. ఆహారం, ఔషధం యుక్తివ్యపాశ్రయం. హానికరమైన విషయాల మీదికి పోయే మనసును మరలించి నిలుపుకోవడం సత్త్వావజయం. నేను చెప్పే మూడు పద్దుల అలవాటు ఈ మూడవదాని క్రిందికి వస్తుంది. చరకుడు నోటుపుస్తకం పెట్టుకోమన్నాడని నేను అనడం లేదు. మనసును మరలించాలన్నది ఆయన మాట. మరలించడానికి ఒక చిన్న పనిముట్టు ఈ పుస్తకం.

వాగ్భటుని అష్టాంగహృదయంలో ఇంతకంటె ఆసక్తికరమైన సంగతి ఒకటి ఉన్నది. మొదటి అధ్యాయంలోనే, వైద్యుడు చికిత్సకు తీసుకోకూడని రోగుల జాబితా వస్తుంది. చెప్పిన మాట విననివాడు, తానే వైద్యుడననుకునేవాడు, ఆయువు తీరినవాడు మొదలైనవారి నడుమ కృతఘ్నుడు కూడా ఉన్నాడు. చదువుకునే రోజుల్లో మేము దీనిని చూసి నవ్వుకునేవాళ్లం. ఫీజు ఎగవేస్తాడని ఆచార్యుడు ముందుజాగ్రత్తగా వ్రాశాడని మా వ్యాఖ్యానం. అది కూడా కొంత నిజమే కావచ్చు. కాని రోగులను చూడగా చూడగా నాకు ఇంకొక అర్థం తోస్తున్నది. మేలును గుర్తించనివాడు తన శరీరంలో వచ్చిన మేలును కూడా గుర్తించడు. నిన్న నాలుగుసార్లు లేచినవాడు ఇవాళ రెండుసార్లే లేచినా “ఏమీ తగ్గలేదు” అంటాడు. తగ్గలేదనుకుని మందు మానివేస్తాడు, పథ్యం వదిలివేస్తాడు, వైద్యులను మారుస్తాడు. గుణం కనిపించనివాడికి గుణం నిలవదు. ఆ కోణంలో చూస్తే కృతజ్ఞత ఎదుటివారి కోసం పాటించే మర్యాద మాత్రమే కాక, రోగికి ఉండవలసిన ఒక చూపు కూడా అవుతుంది.

లష్కర్ మొక్కు

మా ప్రాంతంలో కృతజ్ఞతకు ఒక పెద్ద ఉదాహరణ ఏటా ఆషాఢంలో కళ్లముందు నడచిపోతుంది. అదే లష్కర్ బోనాల పండుగ. దాని వెనుక, సికిందరాబాదు ఉజ్జయినీ మహంకాళి ఆలయ చరిత్రగా చెప్పుకునే కథ ఇది. సురిటి అప్పయ్య అనే ఆయన ఇక్కడి సైన్యంలో డోలీ మోసే ఉద్యోగి. 1813లో ఆయనను ఉజ్జయినికి బదిలీ చేశారు. ఆ కాలంలో కలరా ప్రబలి జనం రాలిపోతుంటే, ఆయన అక్కడి మహంకాళి ఆలయంలో మొక్కుకున్నాడు. ఈ గండం గడిస్తే తన ఊరిలో అమ్మవారిని ప్రతిష్ఠిస్తానన్నాడు. గండం గడిచింది. 1815లో లష్కరుకు తిరిగి వచ్చి కొయ్య విగ్రహాన్ని ప్రతిష్ఠించాడు. 1864లో దాని స్థానంలో శిలావిగ్రహం వచ్చింది. 2014లో బోనాలు రాష్ట్ర పండుగ అయ్యాయి.

కలరా నీటి ద్వారా సోకే సూక్ష్మజీవి వలన వస్తుందని నేడు మనకు తెలుసు. ఆ చర్చ ఇక్కడ అవసరం లేదు. భయంలో మొక్కుకోనివారెవరు? నన్ను ఆకర్షించేది ఆ తరువాతి భాగం. ఆపద ఉజ్జయినిలో తీరింది, ఆయన ఉన్నది సికిందరాబాదులో. అడిగేవారు లేరు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అనే లోకంలో, డోలీ మోసే ఒక మనిషి ఇన్ని క్రోసులు నడచి వచ్చి కూడా దాటిన ఏటిని మరచిపోలేదు.

బోనం తయారుచేసే విధానంలోనూ వైద్యునికి పనికివచ్చే సంగతులున్నాయి. భోజనమనే మాటే బోనమయింది. కొత్త కుండకు పసుపు కుంకుమలు, వేపాకులు కట్టి, పాలు, బెల్లం కలిపి వండిన అన్నం అందులో పెట్టి, పైన దీపం వెలిగించి, తలకెత్తుకుని నడుస్తారు. “తల్లీ, నీ దయ” అని నోటితో అనేసి ఊరుకోరు. చేతులు పనిచేయాలి, పొయ్యి వెలగాలి, మెడ బరువు మోయాలి. అదీ ఏటా ఒక నియమిత సమయంలో. గాలిలో కలిసిపోయే భావానికి ఒక వస్తువును, ఒక వేళను ఏర్పరచడం మన పెద్దలకు తెలిసిన విద్య. రోజూ చేసే అలవాటుకు కూడా వస్తువు, వేళ రెండూ కావాలి. అందుకే మనసులో అనుకుంటే చాలదా అని అడిగేవారికి నేను చాలదని చెబుతాను.

ఇక మా పేట పేరు సంగతి. దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ పేరిట వెలసిన పేట ఇది. పూర్వం జేమ్స్ స్ట్రీట్ అనీ, ఇప్పుడు మహాత్మాగాంధీ రోడ్డు అనీ పిలిచే వీధిలో గడియారపు గోపురం ఉన్న పాత పోలీసు ఠాణా భవనాన్ని కట్టించి ఇచ్చినది ఆయనే. రోజూ ఆ పేరును చిరునామాలో వ్రాస్తాం. ఆ పేరు ఒక మనిషిదని ఎంతమందికి తోస్తుంది? అలవాటైన మేలు గోడలో ఇటుకలా కలిసిపోతుంది. ఇంట్లోనూ ఇదే జరుగుతుంది.

పరిశోధనలు ఎంతవరకు చెబుతున్నాయి

2003లో రాబర్ట్ ఎమ్మన్స్, మైఖేల్ మెకల్లో అనే అమెరికా శాస్త్రజ్ఞులు ఒక పరీక్ష చేశారు. విద్యార్థులను మూడు జట్లుగా చేసి, వారానికి ఒకసారి చొప్పున 10 వారాలపాటు ఒక జట్టు చేత తాము కృతజ్ఞత చూపదగిన విషయాలను, ఒక జట్టు చేత చికాకులను, మూడవ జట్టు చేత సాధారణ సంఘటనలను వ్రాయించారు. మొదటి జట్టువారు తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తిని కనబరిచారు. నాకు ఇంతకంటె విలువైనదిగా తోచినది అదే వ్యాసంలోని మరొక పరీక్ష. నరాలకు, కండరాలకు సంబంధించిన దీర్ఘవ్యాధులున్న పెద్దలు 21 రోజులు ప్రతిదినం వ్రాశారు. వారి వ్యాధి ఎక్కడికీ పోలేదు. కాని మనఃస్థితి మెరుగుపడింది, నిద్ర ఎక్కువసేపు పట్టింది. రోగం ఉండగానే మనసు తేలికపడవచ్చునన్నమాట.

2005లో మార్టిన్ సెలిగ్మన్ బృందం ఒక వారంపాటు ప్రతి రాత్రీ మూడు మంచి సంగతులను, అవి ఎందుకు జరిగాయో కారణంతో సహా వ్రాయించింది. దిగులు తగ్గడం ఆరునెలల తరువాత కూడా కనిపించింది. వారం గడిచాక తమంతట తామే కొనసాగించినవారికి లాభం ఎక్కువ. సోన్యా లుబోమిర్‌స్కీ బృందం చేసిన మరొక పరీక్షలో వారానికి ఒకసారి వ్రాసినవారికి మేలు కనిపించగా, మూడుసార్లు వ్రాసినవారికి కనిపించలేదు. యాంత్రికంగా మారితే మందు కూడా నీళ్లవుతుందని దీని భావం కావచ్చు.

ఇక 2021లో వెలువడిన ఒక సమీక్ష 27 అధ్యయనాలను కలిపి చూసి, దిగులు మీద, ఆందోళన మీద ఈ అభ్యాసపు ప్రభావం స్వల్పమేనని తేల్చింది. దీనిని దాచి పాఠకులకు ఆశలు కల్పించడం నాకు ఇష్టం లేదు. ఇది పథ్యం వంటిది. పథ్యం మందును మించి పనిచేసే సందర్భాలున్నాయి, పథ్యంతో మాత్రమే తగ్గని జబ్బులూ ఉన్నాయి.

వ్రాసే పద్ధతి

రాత్రి భోజనమయ్యాక, పడుకునే ముందు పది నిమిషాలు. చిన్న నోటుపుస్తకం, కలం చాలు. సెల్‌ఫోనులో వ్రాయవద్దని నా సలహా. ఫోను తెరిచినవాడు కృతజ్ఞతతో మొదలుపెట్టి ఎవరి విదేశయాత్ర ఫోటోలతోనో ముగిస్తాడు, ఆపైన ఉన్న దిగులు రెట్టింపవుతుంది. తేదీ వేసి మూడు పద్దులు వ్రాయండి. ప్రతి పద్దులో ఎవరు, ఏమి చేశారు, అది లేకపోతే ఏమయ్యేది అన్న మూడూ ఉండాలి.

“భగవంతుడు ఆరోగ్యం ఇచ్చాడు”, “మంచి కుటుంబం ఉన్నది” వంటి వాక్యాలు వ్రాయవద్దు. అవి నిజమే కావచ్చు, కాని మూడవ రోజుకే అవి శ్రీరామ చుట్టినట్టు పై వరుసలో కూర్చుంటాయి. మనసును తాకవు. ఇలా వ్రాయండి: “పారడైజ్ దగ్గర బస్సు కదులుతుండగా కండక్టరు నన్ను చూసి ఆపించాడు. ఆపకపోతే ఎండలో ఇంకొక అరగంట.” “ట్యాంకులో నీళ్లు అయిపోతున్నాయని పై వాటా ఆవిడ తలుపు కొట్టి చెప్పింది. చెప్పకపోతే ఉదయం పిల్లల స్నానాలు ఆగేవి.” “నేను ఆలస్యంగా వస్తానని తెలిసి నా భార్య చారు మళ్లీ వేడిచేసింది.” చూడండి, ఇవేవీ గొప్ప సంగతులు కావు. గొప్ప సంగతుల కోసం ఎదురుచూసేవాడి పుస్తకం ఎప్పటికీ తెల్లగానే ఉంటుంది.

“అది లేకపోతే” అన్న భాగాన్ని వదలవద్దు. ఉన్నదానిని ఉన్నట్టుగా తలచుకుంటే మనసు ఆవలిస్తుంది. దానిని ఒక్క నిమిషం తీసివేసి చూసినప్పుడే దాని బరువు తెలుస్తుంది. ఇంటిలో కరెంటు పోయిన రాత్రి ఫ్యాను మీద కలిగే ప్రేమ మనందరికీ అనుభవమే కదా!

ఆనాడు జరిగిన చెడును కూడా ఒక వాక్యంలో వ్రాసుకోవచ్చు. ఖర్చును చెరిపివేయమని ఏ లెక్కలమాస్టరూ చెప్పడు. అన్నీ బాగున్నాయని నటించడం కృతజ్ఞత కాదు.

వారానికి ఒకసారి ఆ పద్దులలో ఒకదానిని, అది ఎవరి పేరున ఉన్నదో వారికి నోటితో చెప్పాలి. ఇక్కడ మనవారికి ఒక ఇబ్బంది ఉన్నది. ఇంట్లోవారికి “థాంక్స్” అంటే పరాయివారిని చేసినట్టుంటుంది, “ధన్యవాదాలు” అంటే సభలో మాట్లాడినట్టుంటుంది. మన తెలుగులో దీనికి మాట లేకపోలేదు. “నీ చేతి చారు పడ్డాక ప్రాణం లేచివచ్చింది” అనడమే మన కృతజ్ఞత. చేసిన పనిని, దాని ఫలితాన్ని పేరుపెట్టి చెబితే చాలు.

ఇంకొక చిక్కు “ఋణం” అనే మాటతో వస్తుంది. మేలు పొందగానే “మీ ఋణం తీర్చుకోలేను” అనడం మనకు అలవాటు. చక్కని మాటే. కాని కొందరు, ముఖ్యంగా ఎవరికీ బాకీపడకుండా బ్రతికామని గర్వపడే పెద్దవారు, ఈ పద్దులను అప్పుల జాబితాగా చూస్తారు. వ్రాసేకొద్దీ వారికి బరువు పెరుగుతుంది. అప్పు తీరేదాకా కుంగదీస్తుంది, మేలు తలచుకున్నంతసేపూ తేలికపరుస్తుంది. ఈ రెండింటినీ వేరుగా చూడాలి. ఈ పుస్తకంలో పద్దు వ్రాసేది వడ్డీతో చెల్లించడానికి కాదు, వచ్చిన జమ వచ్చినట్టు కనిపించడానికి మాత్రమే.

ఒక పెద్దమనిషి పుస్తకం

గుర్తుపట్టే వివరాలు తీసివేసి ఒకరి అనుభవం చెబుతాను. ఇనుపసామాన్ల దుకాణంలో చాలా ఏళ్లు లెక్కలు వ్రాసి విరమించిన పెద్దమనిషి ఆయన. భార్య గతించింది, కొడుకు కోడళ్ల వద్ద ఉంటారు. కడుపుమంట, రాత్రి రెండింటిదాకా నిద్ర లేకపోవడం, ఇంట్లో అందరిమీదా కోపం. నేను ఉదయంపూట ధనియాలు నానవేసిన నీరు, రాత్రి తేలిక భోజనం, అరికాళ్లకు నువ్వులనూనె మర్దన చెప్పి, దానితోపాటు పుస్తకం సంగతి కూడా చెప్పాను.

నాలుగు రోజుల తరువాత వచ్చి పుస్తకం నా ముందు పెట్టారు. నాలుగు తేదీలు. ప్రతి తేదీ కింద “ఏమీ లేదు” అని చక్కని గుండ్రటి అక్షరాలు.

“లెక్కలు వ్రాసినవారు మీరు. జమ లేని చిట్టాను మీ యజమాని ఒప్పుకునేవాడా?” అని అడిగాను.

“ఒప్పుకోడు డాక్టరుగారూ. బేరం లేని రోజైనా నిన్నటి నిల్వ వ్రాయాల్సిందే” అన్నారు. అని, తన మాటకు తానే కొంచెం ఆగారు.

ఐదవ రోజు పద్దు ఇది: “కోడలు. మజ్జిగలో పచ్చిమిరప తీసివేసి అల్లం వేసింది. నాకు కారం పడడం లేదని నేను చెప్పలేదు. చూసి తెలుసుకుంది.” ఆ తరువాత పుస్తకం ఆగలేదు. మందులషాపు కుర్రవాడు, పక్కవీధి చెప్పులు కుట్టే అతను, పార్కులో బల్ల మీద జరిగి చోటిచ్చిన అపరిచితుడు అందులోకి వచ్చారు. మూడు వారాలయ్యాక ఆయనే మొత్తం కూడి తెచ్చారు. 46 పద్దులు. అందులో 19 కోడలి పేరున.

“ఒకే ఖాతాలో ఇన్ని జమలు పడితే ఆ పార్టీకి దీపావళికి మిఠాయి పెట్టె పంపేవాళ్లం. ఈ నెలలో నేను ఆ పిల్లతో మాట్లాడిన మాట ఒక్కటే డాక్టరుగారూ, కూరలో ఉప్పు ఎక్కువైందని” అన్నారు.

ఇంటికి వెళ్లి ఏమన్నారో నాకు తెలియదు. వారం రోజుల తరువాత కోడలే వైద్యశాలకు వచ్చింది. “మామయ్యగారి పుస్తకం అయిపోయింది. ఇటువంటిదే తెమ్మన్నారు, ఎక్కడ దొరుకుతుందండీ?” అని అడిగింది.

ఆయన సాధువైపోలేదు. ఉదయం పేపరు ఎవరైనా ముందు తీస్తే ఇప్పటికీ కేకలు వేస్తారట. నిద్ర మాత్రం పన్నెండులోపు పడుతున్నది, కడుపుమంట సగానికి తగ్గింది. ఇందులో ధనియాల నీటి పాలు ఎంత, పుస్తకం పాలు ఎంత అని నేను విడదీసి చెప్పలేను.

ఎవరికి చెప్పకూడదు

ఒక అత్తగారు తన కోడలిని వెంటబెట్టుకుని వచ్చారు. “ఈ పిల్లకు ఏమున్నా తృప్తి లేదండీ. మీరేదో పుస్తకం వ్రాయిస్తారట కదా, దీనిచేత వ్రాయించండి” అన్నారు. ఆ అమ్మాయి తల ఎత్తలేదు. అత్తగారిని బయట కూర్చోమని ప్రశ్నలు వేయగా, రెండు నెలలుగా ఆకలి లేదని, బరువు తగ్గిందని, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తున్నదని, పడుకున్నది మళ్లీ లేవకపోతే బాగుండునని అనిపిస్తున్నదని చెప్పింది. పుట్టింటివారు ఇచ్చినది చాలలేదన్న మాట ఇంట్లో రోజూ వింటున్నదని కూడా చెప్పింది.

ఆమెకు నేను పుస్తకం ఇవ్వలేదు. అప్పటికప్పుడు ఆమె అన్నకు ఫోను చేయించి, అతనిని తోడుగా ఇచ్చి మానసిక వైద్యుని వద్దకు పంపాను. అటువంటి స్థితిలో ఉన్నవారిని “నీకున్నవాటికి కృతజ్ఞతగా ఉండు” అనడం, జ్వరంతో ఒళ్లు కాలుతున్నవారిని చన్నీళ్లలో ముంచడం వంటిది. పద్దు దొరకనప్పుడు వారు తమనే నిందించుకుంటారు. “ఇన్ని ఉన్నా సంతోషించలేని పాపిష్ఠిదాన్ని” అనుకుంటారు. దిగులుకు అపరాధభావం తోడవుతుంది. ఇక హింసను, అవమానాన్ని సహించడానికి కృతజ్ఞతను సాధనంగా వాడితే అది వైద్యం కాదు, అన్యాయానికి తోడ్పాటు. కృతజ్ఞత ఒకరు మరొకరి నుంచి వసూలు చేసే బాకీ కాదని ఇంటి పెద్దలు గ్రహించాలి. నాకు పుస్తకం ఇవ్వాలనిపించినది ఆ అత్తగారికే.

రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉండటం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, ఆకలి నిద్రలు బాగా మారడం, తాను ఎందుకూ పనికిరాననుకోవడం కనిపిస్తే అది వ్యాధి కావచ్చు. మానసిక వైద్యుని చూడాలి. చావు తలపు వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు, ఆ మనిషిని ఒంటరిగా విడువకూడదు. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మానసిక వైద్యులు ఇచ్చిన మందులు వాడుతున్నవారు ఈ వ్యాసం చదివి వాటిని ఆపరాదు.

ఇంట్లో మరణం జరిగిన కొత్తలో కూడా ఈ అభ్యాసం వద్దు. శోకానికి దాని కాలం దానికి ఇవ్వాలి.

తోడుగా పాటించవలసినవి

రాత్రి భోజనం పడుకోవడానికి రెండు గంటల ముందే ముగించండి. వ్రాసే ముందు గోరువెచ్చని నువ్వులనూనె అరికాళ్లకు ఐదు నిమిషాలు మర్దన చేసుకుంటే మనసు నెమ్మదిస్తుంది. అభ్యంగం తల, చెవులు, పాదాలకు విశేషంగా చేయాలని వాగ్భటుడు చెప్పాడు. చేసుకున్నాక నూనె తుడుచుకోండి, స్నానాలగది గచ్చు మీద పెద్దవారు జారిపడే ప్రమాదమున్నది. మధుమేహం వలన పాదాలలో స్పర్శ తగ్గినవారు నూనె వేడిని చేతితో చూసుకుని వాడాలి. సాయంత్రం ఐదు దాటాక టీ, కాఫీలు మానివేస్తే మంచిది.

మొదట 21 రోజులు ప్రతి రాత్రీ వ్రాయండి. ఆపైన వారానికి రెండు రాత్రులు, క్రమంగా ఒక రాత్రి చాలు. చేయి మాత్రమే వ్రాస్తూ మనసు ఎక్కడో ఉన్నదనిపిస్తే పది రోజులు విరామం ఇవ్వండి. భార్యాభర్తలు ఒకే పుస్తకంలో వ్రాయవద్దు, ఒకరిది మరొకరు అడగకుండా చదవవద్దు. పిల్లలచేత బలవంతంగా వ్రాయించవద్దు. భోజనాల దగ్గర “ఇవాళ నీకెవరు సాయం చేశారు?” అని అడిగితే వారే చెబుతారు.

మధ్యలో నాలుగు రోజులు తప్పిపోతే ఆ నాలుగు రోజులవీ జ్ఞాపకం తెచ్చుకుని పూరించే ప్రయత్నం చేయకండి. ఆ పేజీలు ఖాళీగా వదిలి, ఆనాటి తేదీ వేసి మొదలుపెట్టండి.